మొహమాటం పక్కన పెట్టండి: మనిషి తేడాగా అనిపిస్తే ఏం చేయాలి

మద్దిలపాలెంలో షేర్ ఆటో ఎక్కేసరికి రాత్రి ఎనిమిదిన్నర అయ్యుంటుంది. మధురవాడ వెళ్లాలి. చాలా ఏళ్ల కిందటి మాట, అప్పుడు నేను ఉద్యోగంలో చేరిన కొత్త. డ్రైవరు పక్కన ఒకతను, వెనక సీట్లో ఒకతను కూర్చుని ఉన్నారు. ఇసుకతోట దగ్గర కూరగాయల బుట్టతో ఒక ముసలావిడ చెయ్యెత్తింది. నా పక్కన ఇంకొకరికి చోటుంది. మన వైజాగ్‌లో షేర్ ఆటో అంటే ఒక్క సీటు ఖాళీ ఉన్నా పిలిచి మరీ ఎక్కించుకుంటారు, ఖాళీ లేకపోయినా సర్దుకోమంటారు. ఆ డ్రైవరు మాత్రం ఆపలేదు. కనీసం వేగం కూడా తగ్గించలేదు.

నా అరచేతులు చెమర్చాయి. ‘ఇంటికెళ్లే తొందరలో ఉన్నాడేమోలే’ అనుకున్నాను. వెంకోజీపాలెం దాటాక ముందు కూర్చున్నతను సైడు అద్దంలోంచి నా పక్కనున్నతన్ని చూసి కనుబొమ్మ ఎగరేశాడు. అప్పటిదాకా ఇద్దరూ ఒకరికొకరు తెలియనట్టే కూర్చున్నారు. ‘తెలిసినవాళ్లేమో, అయితే మాత్రం ఏమైంది’ అని మళ్లీ సర్దిచెప్పుకున్నాను. హనుమంతవాక దాటితే ఒకవైపు కంబాలకొండ అడవి, ఇంకోవైపు జూ పార్కు. ఎండాడ వచ్చేదాకా ఆ రోజుల్లో దీపాలు కూడా సరిగా ఉండేవి కావు. అందుకే హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆటో నెమ్మదించగానే దిగిపోయాను. ‘మధురవాడ అన్నారు కదా మేడమ్?’ అన్నాడు డ్రైవరు. ‘ఇక్కడ పనుంది’ అని డబ్బులు చేతిలో పెట్టి, చిల్లర కోసం ఆగకుండా వెలుగున్న మందుల షాపులోకి నడిచాను.

వాళ్లు మంచివాళ్లో చెడ్డవాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే అవసరం రాకపోవడమే నాకు కావలసింది.

ఇప్పుడు నేను ఎంవీపీ కాలనీలో ఒక లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు, నర్సీపట్నం వైపు నుంచి కోచింగులకూ ఉద్యోగాలకూ వచ్చే ఆడపిల్లలు మా దగ్గర ఉంటారు. చేరిన మొదటి వారంలో ప్రతి అమ్మాయినీ కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. వీటిలో చాలావరకు మగపిల్లలకూ, పెద్దవాళ్లకూ పనికొస్తాయి.

ముందు మీ ఒళ్లు చెప్పేది వినడం నేర్చుకోండి

ఆ రాత్రి ఇసుకతోటకీ హనుమంతవాకకీ మధ్య నేను చేసిన తప్పు ఏమిటంటే, నా ఒంటితో నేనే వాదించడం. అరచేతులు చెమర్చినప్పుడు అవి ఊరికే చెమర్చలేదు. షేర్ ఆటోలు ఎలా నడుస్తాయో నా బుర్రకు ఎన్నో ప్రయాణాల నుంచి తెలుసు. ఆ లెక్కకు సరిపోనిది ఒకటి కళ్లకు కనబడింది. లెక్క తప్పిందన్న సంగతి మాటల్లోకి రాకముందే చేతుల్లోకి వచ్చింది.

1997లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన బెకారా, డమాసియో, మరికొందరు కలిసి ఇలాంటి విషయం మీదే ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. నాలుగు పేకముక్కల కట్టలు ముందుపెట్టి ఆడమన్నారు. రెండు కట్టల్లో లాభం పెద్దగా కనిపిస్తుంది గానీ ఆడేకొద్దీ నష్టం. ఆ సంగతి ఆడేవాళ్లకు చెప్పలేదు. చేతికి చెమట పట్టడాన్ని యంత్రంతో కొలుస్తూ కూర్చున్నారు. ‘ఈ కట్టలు చెడ్డవి’ అని ఆటగాళ్లు నోటితో చెప్పగలిగే స్థితికి రాకముందే, ఆ కట్టల వైపు చెయ్యి పోబోతుంటే చెమట పట్టడం మొదలైంది. చేతికి తెలిసింది నోటికి ఆలస్యంగా తెలిసిందన్నమాట.

కాబట్టి ఒక్కో మనిషికి ఈ కబురు ఎలా వస్తుందో గమనించుకోవాలి. కొందరికి కడుపులో దేవినట్టు ఉంటుంది. కొందరికి మెడ వెనక వెంట్రుకలు లేస్తాయి. ఇంకొందరికి ఏ భయమూ తెలియదు గానీ, ఎదుటివాడు మాట్లాడుతుంటే కాళ్లు తలుపువైపు తిరిగిపోతాయి. మా దగ్గరుండే ఒకమ్మాయికి ఊరికే నవ్వొస్తుంది, ఇబ్బందిగా ఉన్నప్పుడు ఆగకుండా నవ్వుతుంది. ఆ నవ్వు చూసి ఎదుటివాళ్లు ఇష్టపడుతోందనుకుంటారు. ‘నీకు ఆ నవ్వు రాగానే అక్కణ్నుంచి లేచిపో’ అని ఆ పిల్లకు చెప్పాను. ఈరోజు రాత్రి పడుకునే ముందు మీరు కూడా ఒక్కసారి వెనక్కి వెళ్లి చూసుకోండి: ఎవరి విషయంలోనైనా ‘నాకు అప్పుడే అనిపించింది’ అనుకున్న సందర్భం ఉందా? అప్పుడు ఒంట్లో ఎక్కడ తెలిసింది? ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

అది భయమా, టెన్షనా?

రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియకపోతే ప్రతిదానికీ ఉలిక్కిపడతాం, లేదంటే విసుగెత్తి దేన్నీ పట్టించుకోకుండా పోతాం.

పాలకొండ దగ్గర ఊరి నుంచి వచ్చిన ఒకమ్మాయి మొదటి వారమంతా నిద్రపోలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో జనాన్ని చూస్తే భయం, లిఫ్టు అంటే భయం, రాత్రి రోడ్డు మీద కుక్క మొరిగితే భయం. అది టెన్షన్. కొత్త చోటు, తల్లిదండ్రులు దగ్గర లేరు, ఏదైనా జరుగుతుందేమోనన్న ఊహ. దానికి ఫలానా మనిషంటూ ఎవరూ ఉండరు. రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది.

మూడు నెలల తర్వాత అదే అమ్మాయి ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్లు దిగొచ్చి నా దగ్గర గొంతు తగ్గించి, ‘ఆంటీ, వాటర్ ఫిల్టర్ సర్వీస్ అని ఒకతను వచ్చాడు, ఏటో తేడాగా ఉన్నాడు’ అంది. ఏం తేడా అని అడిగితే వెంటనే చెప్పలేకపోయింది. నిదానంగా అడిగాను, ఏం చూశావో చెప్పు అని. అప్పుడు ఒక్కొక్కటీ వచ్చాయి. భుజానికి బ్యాగు ఉంది గానీ దాని జిప్పు తియ్యలేదు. ఫిల్టర్ మూత విప్పడానికి స్క్రూడ్రైవర్ మనల్నే అడిగాడు. పని చెయ్యడానికి వచ్చినవాడు పనిముట్టు లేకుండా వచ్చాడు. పైగా, ‘ఈ ఫ్లోర్‌లో ఎంతమంది ఉంటారు, సండే అందరూ ఊళ్లకి వెళ్లిపోతారా’ అని రెండుసార్లు అడిగాడట. నేను పైకి వెళ్లి, ‘ఒక్క నిమిషం బాబూ, మీ ఆఫీసుకి ఫోన్ చేసి మాట్లాడతాను’ అన్నాను. నేను నంబరు వెతుకుతుండగానే ‘బండిలో సామాను మర్చిపోయాను’ అని కిందికి దిగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆఫీసువాళ్లు ఆరోజు ఎవరినీ పంపలేదన్నారు.

అది భయం. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, అతను చేసింది ఏదో ఉంది. కాబట్టి మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఇప్పుడు, ఇక్కడ, ఈ మనిషిలో నేను ఏం చూశాను?’ జవాబు వెంటనే రాకపోయినా అతను కనుమరుగు కాగానే, దూరం కాగానే ఒంట్లో బిగువు సడలితే అది అతని గురించే. అతను ఉన్నా లేకపోయినా అలాగే ఉంటే అది టెన్షన్ కావచ్చు. అది నెలల తరబడి తగ్గకపోతే దానికి డాక్టరు సాయం తీసుకోవాలి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఒకసారి చెడ్డ అనుభవం పడ్డవాళ్లకు ఈ రెండూ కలగాపులగం అవుతాయి. అలాంటప్పుడు ఒంటరిగా తేల్చుకోవాలని పట్టుబట్టకండి, నమ్మకమున్న మనిషికి చూసింది చూసినట్టు చెప్పి వాళ్ల మాట కూడా వినండి.

ముందు కదలండి, కారణం తర్వాత వెతకండి

మనలో ఎక్కువమంది కారణం దొరికితేనే కదులుతాం. మంచి చదువు చదివినవాళ్లు మరీను. కోర్టులో రుజువు చెయ్యాల్సినట్టు ఆలోచిస్తారు. ఆటో దిగడానికి రుజువు అక్కర్లేదు. లిఫ్టులో ఒక్కడే ఉన్నాడు, ఎక్కబుద్ధి కావడం లేదు, ఆగిపోండి. ‘అయ్యో, నన్ను అనుమానించిందనుకుంటాడేమో’ అనిపిస్తుంది. అనుకోనివ్వండి. మంచివాడైతే రెండు నిమిషాల్లో మర్చిపోతాడు.

ఇక్కడే మన మొహమాటం అడ్డుపడుతుంది. ‘మొహమాటానికి పోతే కడుపైందట’ అని ఒక మోటు సామెత ఉంది, నవ్వడానికే వాడతారు. నాకు ఆ సామెత వింటే కోపమొస్తుంది. ఆ మొహమాటం ఆడపిల్లకు నేర్పింది ఎవరు? ‘ఎదురు మాట్లాడకు, పెద్దవాళ్లు అడిగితే కాదనకు, నలుగురూ ఏమనుకుంటారు’ అని పుట్టినప్పటి నుంచి చెప్పి, తీరా ఆపద వచ్చాక ‘నోరు లేదా’ అంటాం. కాబట్టి ఇది ఒక్కరోజులో పోయేది కాదు. అలవాటు చేసుకోవాలి.

కదలడం అంటే ఎటు? వెలుగున్న చోటికి, మనుషులున్న చోటికి. మందుల షాపు, టిఫిన్ సెంటర్, పెట్రోల్ బంకు, గుడి, ఆసుపత్రి. వెనకాల ఎవరైనా వస్తున్నారనిపిస్తే నేరుగా మీ ఇంటికో హాస్టల్‌కో వెళ్లకండి, ఇల్లు చూపించినట్టవుతుంది. రోడ్డు దాటి చూడండి. అతనూ దాటాడా? మళ్లీ దాటండి. రెండోసారి కూడా వస్తే సందేహం అక్కర్లేదు.

సాయం అడిగేటప్పుడు గుంపు మొత్తాన్ని చూసి ‘కాపాడండి’ అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఒక్క మనిషిని ఎంచుకోండి, ఏం చెయ్యాలో కూడా మీరే చెప్పండి. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గరున్న అమ్మతో, ‘అమ్మా, ఆ నీలం చొక్కా అతను సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర్నుంచి నా వెనకే వస్తున్నాడు. కాసేపు నీ దగ్గర నించుంటాను’ అనండి. బండి అమ్మలు ఊరుకోరు. ‘ఏటి బాబూ, ఏటి కావాల?’ అని ఆవిడ గట్టిగా ఒక్క కేక వేస్తే సగం పని అయిపోతుంది.

చిన్న ‘వద్దు’ చెప్పి చూడండి

ఎంత అనుభవమున్నా ముఖం చూసి మనిషిని చెప్పలేం. కానీ ‘వద్దు’ అన్నాక ఆ మనిషి ఏం చేస్తాడో చూస్తే చాలా తెలుస్తుంది. అందుకే పెద్ద విషయం దాకా ఆగకుండా చిన్నచిన్న వాటిలో వద్దని చెప్పి చూడమంటాను.

‘ఇంటిదాకా దింపుతాను’ అంటాడు. ‘వద్దండీ, బస్సులో వెళ్తాను’ అనండి. మంచి మనిషి ‘సరే, జాగ్రత్త’ అని వెళ్లిపోతాడు. ఇంకో రకం మనిషి ఆగడు. ‘ఏం, నేను తినేస్తానా?’ అంటాడు. ‘మీరు అందరిలాంటివారు కాదనుకున్నాను, మీక్కూడా పొగరుందే’ అంటాడు. అంటే మీకు పొగరు లేదని నిరూపించుకోవడానికి మీరు బండెక్కాలన్నమాట. లేదా ముఖం వేలాడేసి, ‘చెల్లెలిలా చూశాను, ఇంత మాట అంటావనుకోలేదు’ అంటాడు. ఇవన్నీ వినడానికి వేరువేరుగా ఉన్నా పని ఒక్కటే చేస్తాయి, మీ ‘వద్దు’ని ‘సరే’గా మార్చడం. చిన్న వద్దును ఒప్పుకోనివాడు పెద్ద వద్దును ఒప్పుకుంటాడని ఆశ పెట్టుకోకండి.

చెప్పే తీరు కూడా ముఖ్యం. మనం సాధారణంగా ‘చూద్దాంలెండి’, ‘ఇప్పుడు కుదరదేమో’, ‘మా అమ్మ ఒప్పుకోదండీ’ అంటాం. కారణం చెబితే ఆ కారణానికి అతని దగ్గర జవాబు ఉంటుంది. ‘ఇప్పుడు కాకపోతే రేపు’, ‘మీ అమ్మకి చెప్పకు’. ‘వద్దండీ’ అన్నదానికి మాత్రం జవాబు ఉండదు. గౌరవంగానే చెప్పండి, ‘అండీ’ తీసెయ్యమని నేననను. వద్దండీ అని ఆగిపోండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం చాలా ఇబ్బందిగా ఉంటుంది, ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. అనకండి. మా అమ్మాయిల చేత నేను ఇది గదిలో నిజంగానే చెప్పిస్తాను. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు బతిమాలుతుంటే ఇంకొకరు ‘వద్దండీ’ తప్ప మరోమాట అనకూడదు. మొదట్లో రెండో నిమిషానికే ‘సారీ, అది కాదు...’ అనేస్తారు. నాలుగైదు రోజులకు వస్తుంది.

ఒక జాగ్రత్త. ఇదంతా బయట, నలుగురి మధ్య ఉన్నప్పటి మాట. తలుపులు మూసి ఉన్న గదిలో, కదులుతున్న కారులో, ఒంటరి చోట ఉన్నప్పుడు ఎదురుతిరిగి అతని కోపం పరీక్షించకండి. అప్పుడు అబద్ధం చెప్పండి, ఎంత పెద్దదైనా సరే. వాంతి వస్తోందని చెప్పి కారు ఆపించండి. మా బావ కింద వెయిట్ చేస్తున్నాడని చెప్పండి. అతనికి నచ్చేలా మాట్లాడి బయటపడగలిగితే అలాగే మాట్లాడండి. ఫోనో గొలుసో అడిగితే ఇచ్చెయ్యండి. ముందు బయటపడటం కావాలి, నిజాయితీగా ఉండటం తర్వాత.

మనిషి వేషం కాదు, చేతలు చూడండి

ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెప్పాలి. మనసు చెప్పిందంటూ మనం చాలాసార్లు వినేది మనకు చిన్నప్పుడు నూరిపోసిన చిన్నచూపును. కులం, రంగు, మాట్లాడే యాస, కట్టుకున్న లుంగీ చూసి కలిగే బెదురు వేరు, నేను చెబుతున్న భయం వేరు.

కొత్తగా వచ్చిన పిల్లలు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లాలంటే జంకుతారు. పెద్ద గొంతులు, చేపల వాసన, చెమటతో తడిసిన బనియన్లు. ఒరియా, హిందీ మాట్లాడే కూలీలు గాజువాక వైపు గుంపుగా నిలబడితే రోడ్డు మారిపోతారు. వాళ్లలో ఎవరైనా మిమ్మల్ని అడ్డగించారా? వెంట నడిచారా? మీరు వద్దన్నది చేశారా? ఏమీ లేదు, తమ పని తాము చేసుకుంటున్నారు. అదే సమయంలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, చక్కటి ఇంగ్లీషులో మాట్లాడుతూ, కళ్లలోకి చూస్తూ ‘ఎక్కడ ఉంటావు, రూమ్‌లో ఎంతమంది’ అని అడిగే మనిషి మీద మాత్రం మన బెదురు పనిచెయ్యదు. చూసుకోవాల్సింది అక్కడ. ఫలానా వాడు ఏం వేసుకున్నాడో కాదు, ఏం చేశాడో చెప్పగలగాలి. చెప్పడానికి వేషం తప్ప ఇంకేమీ దొరకకపోతే మీ అనుమానాన్నే కాసేపు అనుమానించండి.

తెలిసినవాడైతే

జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా విడుదల చేసే లెక్కల్లో ఒక విషయం మారకుండా కనిపిస్తుంది: అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. బంధువు, పక్కింటివాడు, స్నేహితుడు, పనిచేసే చోట పైవాడు. మనం ఆడపిల్లలకు ఇచ్చే జాగ్రత్తలన్నీ మాత్రం చీకటి సందు గురించే ఉంటాయి.

ద్వారకానగర్‌లో ఒక షాపులో పనిచేసే అమ్మాయి మా దగ్గర ఉండేది. అక్కడ ఒక పెద్ద మనిషి, నలభై దాటినవాడు, అందరూ అన్నయ్యా అని పిలిచేవారు. వాన పడితే గొడుగు ఇచ్చేవాడు. జీతం ఆలస్యమైతే హాస్టల్ ఫీజు కట్టి, ‘తర్వాత ఇద్దువులే’ అనేవాడు. ఇస్తానంటే తీసుకునేవాడు కాదు. కొన్నాళ్లకు ‘నీ ఫోన్ నంబరు ఇంకెవరికైనా ఇచ్చావా?’ అని అడగడం మొదలైంది. తోటి అమ్మాయిల గురించి చెడ్డగా చెప్పి ఒక్కొక్కరినీ దూరం చేశాడు. ఒకరోజు బిల్లు చూపిస్తూ భుజం మీద చెయ్యి వేసి తీసెయ్యలేదు. ఆమె జరిగితే, ‘నీకోసం ఇంత చేశాను, నన్ను పరాయివాడిలా చూస్తావా?’ అన్నాడు.

ఆ అమ్మాయి నాతో చెప్పిన మొదటి మాట: ‘మొదట్నించీ ఏదోలా ఉండేది ఆంటీ, కానీ మంచోడు కదా.’

అడగకుండా చేసే సాయాలన్నీ చెడ్డవి కావు. కానీ తిరిగి తీర్చనివ్వని సాయం అప్పులాంటిది, వడ్డీ ఎప్పుడు అడుగుతారో తెలియదు. మిమ్మల్ని మీవాళ్ల నుంచి విడదీయడం, ‘ఎవరికీ చెప్పకు’ అనడం, పొరపాటున తగిలినట్టు తగిలి మీరు ఏమంటారో చూడటం, మీరు ఏ టైముకి ఒంటరిగా ఉంటారో ఆరా తియ్యడం, ఇవి ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయంటే ఆ మనిషి ఎంత మంచివాడని ఊరంతా చెప్పినా సరే దూరం జరగండి. మేం చేసిందీ అదే. అతను కట్టిన డబ్బు లెక్కగట్టి ఫోన్ పేలో పంపించేశాం, స్క్రీన్‌షాట్ దాచుకున్నాం. నలుగురి ముందు ‘నా మీద చెయ్యి వెయ్యొద్దండీ’ అని ఒకసారి స్పష్టంగా చెప్పింది. నెల తిరగకుండా వేరే ఉద్యోగం చూసుకుంది.

ఉద్యోగం మానాల్సింది ఆమె కాదు. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఇంకా తక్కువమంది ఉన్న చోటైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు, మీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను.

బయట తిరిగేటప్పుడు

ఆటో ఎక్కేముందు నంబరు ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి, డ్రైవరుకు కనిపించేలా తీయండి. దారి తెలియకపోయినా ఫోన్‌లో మ్యాపు తెరిచి పెట్టుకోండి. మధురవాడ అని ఎక్కితే ఆటో అడవివరం వైపు తిరిగిందంటే ‘ఎందుకు’ అని అప్పుడే అడగండి, పది నిమిషాలు ఆగి కాదు.

రుషికొండ, సాగర్ నగర్, భీమిలి రోడ్డులో బీచ్ పగలు ఎంత సందడిగా ఉన్నా పొద్దుగూకాక సరుగుడు తోటల వైపు మనుషులు ఉండరు. స్నేహితుడే అయినా, మొదటిసారి కలిసే మనిషి అలాంటి చోటికి పిలిస్తే ‘సిరిపురంలో కాఫీ తాగుదాం’ అనండి. అతను దానికి ఒప్పుకుంటాడా, అలుగుతాడా అన్నది కూడా మీకు ఒక సమాచారమే.

ఫోన్‌లో అత్యవసర నంబరు 112 ఎలా మోగించాలో ఇప్పుడే చూసుకోండి. పవర్ బటన్ వరసగా నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 మార్చి 8న తెచ్చిన శక్తి యాప్‌లోని ఎస్‌ఓఎస్ బటన్ నొక్కితే మీరున్న చోటు పోలీసులకు తెలుస్తుంది. 181 మహిళల హెల్ప్‌లైన్, రైల్లో ఉంటే 139.

వెంటపడితే

ఒకసారి, ఒక్కసారే, ‘నాకు ఇష్టం లేదు, ఇక నాతో మాట్లాడొద్దు, మెసేజ్ పెట్టొద్దు’ అని మెసేజ్‌లో రాయండి. తర్వాత ఒక్క అక్షరం కూడా జవాబివ్వకండి. నలభై మెసేజ్‌లకు ఓపిక పట్టి నలభై ఒకటోదానికి తిట్టారనుకోండి, నలభై ఒక్కటి పెడితే జవాబు వస్తుందని అతను నేర్చుకుంటాడు.

ఆ మెసేజ్ వల్ల ఇంకో ప్రయోజనం ఉంది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఒక స్త్రీ తనకు ఆసక్తి లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే వెంటపడటం, పలకరించడం నేరం. ఆమె ఇంటర్నెట్, ఫోన్ వాడకం మీద నిఘా పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా జైలు. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2013లో తొలిసారి దీన్ని చట్టంలో చేర్చారు. అప్పటిదాకా వెంటపడటాన్ని ఎవరూ నేరమనుకోలేదు, ప్రేమ అనేవారు. స్పష్టంగా చెప్పిన ఆ ‘వద్దు’ ఇప్పుడు మీ చేతిలో సాక్ష్యం.

మెసేజ్‌లు చెరిపెయ్యకండి. చూడటానికి అసహ్యంగా ఉంటే స్క్రీన్‌షాట్‌లు తీసి అక్కకో స్నేహితురాలికో పంపించి మీ ఫోన్‌లో బ్లాక్ చెయ్యండి. ఒక నోటుబుక్కులో తేదీ, టైము, చోటు, ఏం జరిగింది అని రాసుకోండి. పోలీస్ స్టేషన్‌కు వెళ్లేటప్పుడు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. ‘ఇది మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాలి. ఇలాంటి ఫిర్యాదుల్లో మీ మాట మహిళా అధికారే నమోదు చెయ్యాలి.

పిల్లల విషయంలో

‘మావయ్యకి ముద్దు పెట్టు’ అని పిల్లల్ని బలవంతపెట్టకండి. ఇష్టం లేనప్పుడు పాప మీ వెనక్కి నక్కితే నవ్వి ముందుకు తొయ్యకండి. చేతులు జోడించి నమస్కారం పెడితే మర్యాద సరిపోతుంది. ఆ వయసులో పాప చెప్పిన ‘వద్దు’ని మనమే చెరిపేస్తే ఇరవై ఏళ్లకు మళ్లీ నేర్పించడం ఎంత కష్టమో నేను రోజూ చూస్తున్నాను. ఏ పెద్దవాళ్లయినా ‘అమ్మకి చెప్పకు’ అంటే వెంటనే అమ్మకు చెప్పాల్సిన మాట అదేనని నేర్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మీకు ఎవరైనా చెప్పుకుంటే

అన్నీ తెలిసినా ఆ క్షణంలో ఒళ్లు బిగుసుకుపోయి నోరు పెగలకపోవచ్చు. అది చేతగానితనం కాదు, భయం ముదిరినప్పుడు శరీరం చేసే పనుల్లో అదొకటి. అరవలేదేం, కొట్టలేదేం, అంత రాత్రి ఎందుకు వెళ్లావు అని అడగడం మానండి. తప్పు చేసినవాడిది తప్పు.

ఆ రాత్రి హనుమంతవాక మందుల షాపులోంచి నేను ఎస్టీడీ బూతుకు వెళ్లి మా పెద్దమ్మ ఇంటికి ఫోన్ చేశాను. ‘ఏటయ్యింది’ అని గానీ, ‘ఆటో ఎందుకు దిగిపోయావు’ అని గానీ ఆవిడ అడగలేదు. ‘ఎక్కడున్నావు? వెలుగులో ఉన్నావా?’ అంది. ఉన్నానన్నాను. ‘అక్కడే ఉండు. మీ అన్నయ్యని బండి మీద పంపిస్తున్నాను. వాడొచ్చేదాకా షాపాయన దగ్గరే నించో’ అంది. మీకు అలాంటి ఫోన్ వస్తే ఈ వరసలోనే అడగండి, మిగతావన్నీ ఇంటికొచ్చి అన్నం తిన్నాక.